ఏ దిక్కు పైకి? పులికాట్ పటాన్ని బురదలో బ్యాక్టీరియాతో అచ్చు వేసిన పని: కేస్ స్టడీ

తిరుపతికి సముద్రం 2022 ఏప్రిల్ 4న, కొత్త జిల్లా పుట్టిన రోజున వచ్చింది. అంతకుముందు కొండ, అడవి, చెరువులే. జిల్లాల పునర్విభజనలో సూళ్లూరుపేట, గూడూరు ఇటు కలవడంతో పులికాట్ సరస్సు ఉత్తర భాగం, శ్రీహరికోట, వాకాడు తీరం ఒకేసారి తిరుపతి కలెక్టరు పరిధిలోకి వచ్చాయి. ఊరిలో చాలామందికి ఆ సరస్సు అంటే ఫ్లెమింగోలు, దాని అవతల రాకెట్లు. దాని అడుగున ఉన్న బురద ఎవరికీ పట్టదు. ఈ పనికి ముడిసరుకు ఆ బురదే.

పని ఇది: తిరుపతిలో ఒక కళాశాల హాలులో నాలుగు పలచటి గాజు ఫ్రేములు, వాటి వెనక శ్రీకాళహస్తి కలంకారీ పద్ధతిలో గీసిన ఒక పొడవాటి గుడ్డ. ఫ్రేముల నిండా ఉప్పునీటి బురద. గాజు మీద పులికాట్ ఆకారం మేర కోసి తీసేసిన రేకు అంటించి, ఎనిమిది వారాలు వెలుతురు పెడితే, వెలుగు తగిలిన చోట ఊదా, ఆకుపచ్చ బ్యాక్టీరియా పెరిగి సరస్సు పటం బురదలో దిగుతుంది. రేకు తీస్తే పటం. రంగు, కుంచె అక్కర్లేదు.

దీనికి ఆధారం వినోగ్రాడ్‌స్కీ స్తంభం. రష్యన్ శాస్త్రవేత్త సెర్గీ వినోగ్రాడ్‌స్కీ 1880లలో గంధకం మీద బతికే బెగ్గియటోవా బ్యాక్టీరియాను పరిశీలిస్తూ తయారుచేసిన పద్ధతి. గాజు గొట్టంలో బురద, కాస్త కాగితం, సుద్ద, జిప్సం వేసి కిటికీ దగ్గర పెడితే వారాల్లో పొరలు ఏర్పడతాయి. అడుగున గాలి తగలని చోట సల్ఫేట్‌ను హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మార్చే డీసల్ఫోవిబ్రియో వంటివి, వాటి మీద ఆ వాయువును, వెలుతురును కలిపి తినే ఆకుపచ్చ గంధక బ్యాక్టీరియా, ఇంకా పైన ఊదా గంధక బ్యాక్టీరియా, అన్నిటికంటే పైన ఆక్సిజన్ వదిలే సయనోబ్యాక్టీరియా. ఒకరి వ్యర్థం ఇంకొకరికి మేత. గొట్టం బదులు పలచటి ఫ్రేము వాడితే అదే పొర బొమ్మ గీసుకునే పలక అవుతుంది.

బురద ఎక్కడిది

పులికాట్‌లో ఆంధ్ర వైపు భాగం చాలావరకు పక్షుల అభయారణ్యం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అందులోంచి దేన్నైనా తీసుకెళ్లాలంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి ఉండాలి. రెండు బకెట్ల బురదే కదా అని రోడ్డు పక్కన కారు ఆపి తవ్వడం నేరం. కళాప్రదర్శన అన్న మాట అక్కడ చెల్లదు. అందుకని బురద అభయారణ్యం బయట, వదిలేసిన ఒక రొయ్యల చెరువు నుంచి యజమాని రాతపూర్వక అంగీకారంతో తీసుకున్నది. సముద్రపు నీళ్లు వాకాడు మండలం తూపిలిపాలెం తీరం నుంచి.

ఈ ఎంపికలోనే ఒక రాజకీయం ఉంది, అది చూపరులకు చెప్పాలి. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఎస్. జగన్నాథ్ కేసులో ఇచ్చిన తీర్పు తీర నియంత్రణ ప్రాంతం (సీఆర్‌జెడ్)లో రొయ్యల చెరువులు వద్దన్నది. చిలికా, పులికాట్ సరస్సులకు 1000 మీటర్ల లోపు కూడా వద్దని పేరు పెట్టి మరీ చెప్పింది. 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చి రిజిస్ట్రేషన్ల దారి వేసింది. అంటే పులికాట్ చుట్టూ ప్రతి వదిలేసిన చెరువు గట్టు మీదా ఒక కోర్టు కాగితం నీడ ఉంటుంది. "పులికాట్ బురద" అని బోర్డు రాయడం కుదరదు. "పులికాట్ దగ్గరి రొయ్యల చెరువు బురద" అని రాయాలి. రెండూ ఒకటి కాదు.

కొలతలు: నాలుగు ఫ్రేములకు 12 లీటర్లు, పరీక్ష సీసాలకు 6 లీటర్లు, జల్లెడలో పోయేది కలిపి 25 లీటర్లు. పెయింటు బకెట్లు 20 లీటర్లది ఒకటి, 5 లీటర్లది ఒకటి చాలు. పైన 2 సెంటీమీటర్ల గోధుమరంగు పొరను విడిగా చిన్న డబ్బాలో తీయాలి. వెలుతురు మీద బతికే జాతులు ఉండేది అందులోనే. ఇది తర్వాత తోడుగా పనికొస్తుంది, పెరుగుకు తోడు వేసినట్టే: పది పాళ్ల బురదకు ఒక పాలు. మిగతాది దాని కింద 10 సెంటీమీటర్ల లోతు వరకు. బకెట్ అంచు దాకా నింపి మూత బిగించాలి, మధ్యలో గాలి మిగలకూడదు. సూళ్లూరుపేట నుంచి తిరుపతికి రెండు గంటల దారి. మధ్యాహ్నం ఎండలో డిక్కీలో పెట్టి తెస్తే బకెట్ లోపల వేడెక్కుతుంది. తెల్లవారుజామున తీసి, తొమ్మిదింటికల్లా చేరాలి.

చేరగానే 1 మిల్లీమీటరు జల్లెడలో సముద్రపు నీళ్లు పోస్తూ వడకట్టాలి. ఇది బద్ధకించే పని, కానీ తప్పదు. బురదలో బొరియలు చేసే సన్నటి పురుగులు ఉంటాయి. ఒక్కటి మిగిలినా గాజు వెంబడి సొరంగం తవ్వుతుంది, దాని వెంట ఆక్సిజన్ దిగి తుప్పురంగు గీతలు పడతాయి. పటం మధ్యలో లేని నది పుడుతుంది.

నీళ్లు, ఉప్పు, గంధకం

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. సముద్రపు నీళ్లు దొరక్కపోతే లీటరుకు 35 గ్రాముల ఉప్పు కలిపి సరిపెట్టేస్తారు. ఉప్పదనం సరిపోతుంది, గంధకం రాదు. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 2.7 గ్రాముల సల్ఫేట్ ఉంటుంది. వంటింటి ఉప్పులో అది దాదాపు సున్నా. సల్ఫేట్ లేకపోతే హైడ్రోజన్ సల్ఫైడ్ లేదు, అది లేకపోతే ఊదా లేదు, ఆకుపచ్చా లేదు. బూడిదరంగు బురదను ఎనిమిది వారాలు చూస్తూ కూర్చోవాలి. ఉప్పునీళ్లే కలపాల్సి వస్తే లీటరుకు 7 గ్రాముల ఎప్సమ్ సాల్ట్ కూడా వేయాలి, అప్పుడు సల్ఫేట్ సముద్రపు నీటికి సమానం అవుతుంది. కుళాయి నీళ్లయితే క్లోరిన్ పోవడానికి వెడల్పాటి తొట్టిలో రెండు రోజులు ఉంచాలి.

కాలం కూడా చూసుకోవాలి. పులికాట్‌లో ఉప్పదనం ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. ఈశాన్య రుతుపవనాల్లో కాళంగి, ఆరణి నీళ్లు దిగినప్పుడు దాదాపు మంచినీళ్లు, వేసవిలో లీటరుకు 50 గ్రాములు దాటేంత ఉప్పు. నవంబరులో తీసిన బురదకు గంధకం అదనంగా ఇవ్వాలి. మేలో తీసిన దానికి అక్కర్లేదు, పైగా సముద్రపు నీళ్లలో కడిగి ఉప్పు తగ్గించాలి.

జిప్సం చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో వెతుక్కోవాల్సిన పని లేదు. ఎకరా వేరుశనగకు ఊడలు దిగే సమయంలో 200 కిలోలు వేసేది అదే. ఎరువుల దుకాణంలో దొరుకుతుంది. అయితే కొన్ని సంచుల్లో ఉండేది ఎరువుల కర్మాగారం ఉపఉత్పత్తి అయిన ఫాస్ఫోజిప్సం. అందులో మిగిలిన ఫాస్ఫేట్ వల్ల సయనోబ్యాక్టీరియా, నాచు విపరీతంగా పెరిగి గాజుకు పచ్చటి తెర కడతాయి. గనిలోంచి తీసిన జిప్సం అని సంచి మీద చూసి కొనాలి. జిప్సం నీళ్లలో లీటరుకు రెండున్నర గ్రాములకు మించి కరగదు, మిగతాది పొడిగానే ఉండి నెమ్మదిగా కరుగుతూ వారాల తరబడి గంధకం ఇస్తుంది. ఆ నెమ్మదే కావాలి.

సుద్ద కోసం ముగ్గుపిండి వాడదామని అనిపిస్తుంది. వద్దు. అది ఏ రాయి పిండో అమ్మేవాడికే తెలియదు. చిటికెడు తీసి వెనిగర్ చుక్క వేస్తే బుసబుస పొంగాలి, అప్పుడే కార్బొనేట్. ఎండబెట్టి దంచిన కోడిగుడ్డు పెంకులు నయం.

ఇక కర్బనం. కాగితం బదులు ఈ పనిలో కలంకారీకి వాడే గాడా గుడ్డను, రంగు వేయనిది, నూలుపోగులుగా పీకి కలిపారు. రెండూ సెల్యులోజే. మోతాదు: అడుగు 8 సెంటీమీటర్ల బురదకు లీటరుకు 10 గ్రాముల గుడ్డ, 5 గ్రాముల పెంకుపొడి, 5 గ్రాముల జిప్సం. దాని పైనున్న బురదకు లీటరుకు 3 గ్రాముల గుడ్డ చాలు. ఎక్కువ వేస్తే త్వరగా వస్తుందనుకోవడం పొరపాటు. లీటరుకు 20 గ్రాములు వేసిన పరీక్ష సీసాల్లో రెండో వారానికే వాయువు బుడగలు పుట్టి బురదను అడ్డంగా చీల్చి పైకి తోశాయి. ఫ్రేములో అలా చీలిందంటే పటం రెండు ముక్కలు, మళ్లీ అతకదు.

ఎర్రమట్టి చెరువు బురదతో కూడా సీసాలు పెట్టి చూడటం మంచిది, తేడా తెలుస్తుంది. తిరుపతి చుట్టుపక్కల చెరువుల్లో ఇనుము ఎక్కువ. పుట్టిన హైడ్రోజన్ సల్ఫైడ్‌ను పుట్టినట్టే ఇనుము పట్టేసుకుని నల్లటి ఐరన్ సల్ఫైడ్‌గా మారుస్తుంది. ఊదా బ్యాక్టీరియాకు మేత మిగలదు. సీసా అంతా కాటుక. ఇనుము కడుపు నిండేదాకా గంధకం పోస్తూనే ఉండాలి. ప్రదర్శన గడువులో అది జరిగే పని కాదు.

ఫ్రేము

మొదటి నమూనా 60 సెంటీమీటర్ల ఎత్తు, 45 వెడల్పు, లోపలి ఖాళీ 2 సెంటీమీటర్లు. చూడటానికి దర్జాగా ఉంది. కానీ 52 సెంటీమీటర్ల ఎత్తు బురద ఒక్కో గాజు మీద వేసే తోపు మొత్తం 100 కిలోల బరువుకు సమానం. నాలుగో రోజు అడుగు సిలికాన్ అతుకు విడిచింది. ఎత్తు 40కి తగ్గించి, బురద 32 సెంటీమీటర్లు, దాని మీద నీళ్లు 5 సెంటీమీటర్లు పెడితే అదే తోపు 40 కిలోలకు దిగుతుంది. 6 మిల్లీమీటర్ల గాజు, చుట్టూ అల్యూమినియం చానల్, ఖాళీ అదే 2 సెంటీమీటర్లు. ఒక్కో ఫ్రేముకు సుమారు 2.9 లీటర్ల బురద పడుతుంది. ఇంకా మందంగా చేసి లాభం లేదు. బురదలోకి వెలుతురు రెండు మూడు మిల్లీమీటర్లకు మించి దిగదు. బొమ్మ గాజుకు అంటుకున్న పొరలోనే పుడుతుంది.

సిలికాన్ కొనేటప్పుడు బాత్రూము రకం వద్దు. బూజు పట్టకుండా అందులో విషం కలుపుతారు, అంచు చుట్టూ వేలు మందాన ఏమీ పెరగదు. అక్వేరియం సిలికాన్, వేసిన తర్వాత వెనిగర్ వాసన పూర్తిగా పోయేదాకా, అంటే వారం, ఆరనివ్వాలి.

నింపేటప్పుడు బురద పెరుగు చిలికినట్టు జారుగా ఉండాలి. గరాటుకు పొడవాటి గొట్టం తగిలించి అడుగు నుంచి నింపుతూ పైకి రావాలి. పైనుంచి పోస్తే గాలి బుడగలు గాజుకు అంటుకుంటాయి. వెదురు పుల్లతో గాజు వెంబడి కిందికీ పైకీ ఆడిస్తే వదులుతాయి. పైన క్లింగ్ ఫిల్మ్ కప్పి సూదితో నాలుగు చిల్లులు. తెరిచి వదిలేస్తే తిరుపతి వేసవిలో నీళ్లు రోజురోజుకూ తగ్గుతాయి, దోమలూ గుడ్లు పెడతాయి. తగ్గిన నీటికి బదులు డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు. సముద్రపు నీళ్లు పోస్తూ పోతే నెలకల్లా ఉప్పళం తయారవుతుంది.

కంటికి నలుపు, బ్యాక్టీరియాకు కిటికీ

పటం కత్తిరింపుకు మొదట నల్లటి వినైల్ స్టిక్కరు వాడారు. ఫ్లెక్సీ షాపులో గంటలో కోసి ఇస్తారు. ఐదో వారం తీసి చూస్తే పటం లేదు, గాజంతా ఊదారంగు మచ్చలు. కారణం ఇది: ఊదా బ్యాక్టీరియా వాడుకునే బ్యాక్టీరియోక్లోరోఫిల్ 800 నుంచి 880 నానోమీటర్ల మధ్య, మన కంటికి కనపడని పరారుణ కాంతిని పీలుస్తుంది. చాలా నల్లరంగులు ఆ కాంతిని ఆపవు. మనకు గోడ, వాటికి కిటికీ. పరీక్ష తేలిక: స్టిక్కరు వెనక టీవీ రిమోట్ పెట్టి బటన్ నొక్కి ముందువైపు నుంచి ఫోన్ కెమెరాతో చూడాలి. వెలుగు మిణుకుమంటే ఆ స్టిక్కరు పనికిరాదు. సెల్ఫీ కెమెరాతో చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. పరిష్కారం అల్యూమినియం రేకు టేపు, డక్టులకు వాడేది. దాన్ని ఏ కాంతీ దాటదు.

దీపాల సంగతీ ఇదే తర్కం. మామూలు తెల్ల ఎల్‌ఈడీలో పరారుణం దాదాపు ఉండదు. దాని కింద సయనోబ్యాక్టీరియా, నాచు సుఖంగా పెరుగుతాయి, ఊదా నత్తనడక. పాత 60 వాట్ల ఫిలమెంటు బల్బు ఈ పనికి శ్రేష్ఠం, కానీ దొరకడం తగ్గిపోయింది, వేడి కూడా ఎక్కువ. సీసీ కెమెరాల షాపుల్లో రాత్రి చూపు కోసం అమ్మే 850 నానోమీటర్ల పరారుణ దీపం చవక, సరిగ్గా సరిపోతుంది. ఆకుపచ్చ గంధక బ్యాక్టీరియాకు కావాల్సింది 750 నానోమీటర్ల దగ్గర, దానికోసం ఒక చిన్న ఫిలమెంటు బల్బు పక్కన. ఈ మూడు దీపాల పాళ్లే ఇక్కడ రంగుల పళ్లెం. తెల్లది పెంచితే పచ్చిక, పరారుణం పెంచితే వంకాయరంగు. రోజుకు 14 గంటలు, 40 సెంటీమీటర్ల దూరం. కిటికీ ఎండ వద్దే వద్దు. మార్చి దాటితే గాజు వెనక బురద 45 డిగ్రీలు దాటుతుంది, పెరగాల్సినవి చస్తాయి. 26 నుంచి 32 డిగ్రీల మధ్య ఉంచితే చాలు.

క్రమం ఇలా నడుస్తుంది. మొదటి వారం నల్లటి మరకలు. రెండు మూడు వారాలకు నీటి అంచున పచ్చటి పొర, కొన్నిసార్లు దాని కింద బూడిద చల్లినట్టు తెల్లటి నూలు, అదే బెగ్గియటోవా. నాలుగో వారం తర్వాత ఊదా చుక్కలు. ఆరు నుంచి ఎనిమిదో వారానికి చుక్కలు కలిసి ఆకారం. ప్రారంభోత్సవం తేదీ ముందే అచ్చు వేయించి ఆరు వారాల ముందు బురద నింపితే అతిథులకు బురదే చూపించాలి. పది వారాలు మొదటి అంచనాగా పెట్టుకోవాలి.

రేకు పూర్తిగా తీసేస్తే చుట్టూ ఉన్న చీకటి బురదకూ వెలుతురు తగిలి వారం పది రోజుల్లో పటం కరిగిపోతుంది. అందుకని చూపరుల వేళల్లో మాత్రం తీసి, హాలు మూయగానే గుర్తుల ప్రకారం మళ్లీ అంటించి రాత్రి దీపాలు వేయాలి. ఈ పని ఒకరికే అప్పగించాలి. రోజుకొకరు అంటిస్తే అంచు రోజుకు రెండు మిల్లీమీటర్లు జరుగుతుంది.

5 మిల్లీమీటర్ల సమస్య

ఊదా బ్యాక్టీరియా ఈదుతాయి. వెలుగు నుంచి చీకటిలోకి దాటబోయేసరికి వెనక్కి తిరుగుతాయి. జర్మన్ శాస్త్రవేత్త ఎంగెల్‌మన్ 1883 నాటికే దీన్ని రాశాడు. ఈ గుణం వల్ల అంచు కొంత పదునెక్కుతుంది. కానీ గాజు మందంలో, బురదలో వెలుతురు చెదిరిపోవడం వల్ల రెండు మూడు మిల్లీమీటర్లు ఎలాగూ మసకబారుతుంది. లెక్క: 5 మిల్లీమీటర్ల కంటే సన్నని గీత ఈ పద్ధతిలో నిలవదు.

పులికాట్ ఉత్తర దక్షిణాలుగా సుమారు 60 కిలోమీటర్లు. పటం పొడవు 30 సెంటీమీటర్లు. అంటే 1 సెంటీమీటరుకు 2 కిలోమీటర్లు. సుప్రీంకోర్టు చెప్పిన 1000 మీటర్ల పట్టీ సరిగ్గా 5 మిల్లీమీటర్లు! అచ్చు పడీపడని మందం. రాష్ట్రాల సరిహద్దు, అభయారణ్యం గీత అయితే అసలు పడవు. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు సరస్సు మీదుగా వేసిన రోడ్డు కొలత ప్రకారం వెంట్రుకంత కూడా ఉండదు. కానీ నీటి నడకను అడ్డుకునే ఆ కట్ట లేకుండా పటం వేస్తే సగం సంగతి దాచినట్టే. 8 మిల్లీమీటర్ల రేకు పట్టీ అడ్డంగా వదిలి దాన్ని చూపించారు. అంటే పటంలో ఆ రోడ్డు వెడల్పు 1.6 కిలోమీటర్లు. ఇది అతిశయం. బోర్డు మీద ఆ మాట రాసి తీరాలి, లేకపోతే చూసినవాళ్లు బ్యాక్టీరియా చెప్పిందనుకుంటారు. చెప్పింది కత్తెర.

సన్నటి గీతలన్నీ అందుకే గుడ్డ మీదికి వెళ్లాయి. కరక్కాయ, గేదెపాలు పట్టించిన గాడా గుడ్డ మీద వెదురు కలంతో, బెల్లం నీళ్లలో తుప్పు ఇనుము రెండు మూడు వారాలు ఊరబెట్టిన కసింతో. సరిహద్దు, 1000 మీటర్ల గీత, అభయారణ్యం, బకింగ్‌హాం కాలువ, పూడిపోయిన రాయదొరువు ముఖద్వారం, తమిళనాడు వైపు తెరిచి ఉన్న పళవేర్కాడు ముఖద్వారం. కసిం కూడా సూక్ష్మజీవుల పనే. బెల్లం పులిసి పుట్టిన ఆమ్లం ఇనుమును కరిగిస్తుంది, కరక్కాయలోని వగరు తగలగానే అది నల్లబడుతుంది. గాజులో ఇనుము గంధకంతో కలిసి నలుపు, గుడ్డ మీద అదే ఇనుము వగరుతో కలిసి నలుపు. కలంకారీ పనివారికి ఈ రెండూ పక్కపక్కన చూపిస్తే వేరే వివరణ అక్కర్లేకపోయింది. గుడ్డను మాత్రం ఫ్రేముకు కనీసం ఒక అడుగు దూరంలో వేలాడదీయాలి. ఫ్రేము పైనుంచి వచ్చే తేమకు అంచులు మరకలు పడతాయి.

ఎవరు అడుగున

ఈ పనిలో అసలు చిక్కు కొలతలది కాదు. నిలువు ఫ్రేములో పైనుంచి కిందికి గంధకం పెరుగుతుంది, గాలి తగ్గుతుంది. పటంలో అడుగున పడిన భాగం ఎప్పుడూ నల్లగా, ముదురు ఆకుపచ్చగా ఉంటుంది. పైన పడింది ఊదాగా, కళగా ఉంటుంది. ఉత్తరం పైకి పెట్టడం బడి అలవాటు. అలా పెడితే ఆంధ్ర భాగం పైన కళకళలాడుతుంది, తమిళనాడు భాగం నల్లబడుతుంది. చూసినవాడికి వెంటనే తోచేది: "చూశారా, అటువైపు ఎంత పాడైందో!" చేపల వేట హద్దుల మీద రెండు వైపులా ఎప్పటినుంచో తగాదాలున్న సరస్సు ఇది. ఆ బొమ్మ అబద్ధం. అన్ని చోట్లా ఒకే బకెట్ బురద.

తూర్పు పైకి పెడితే శ్రీహరికోట, సముద్రం పైన, సూళ్లూరుపేట, తడ వైపు పల్లెలు నల్లటి అడుగున. పడమర పైకి పెడితే దీవి అడుగున. 1971 నుంచి రాకెట్లు ఎగురుతున్న ఆ దీవిలో అంతకుముందు యానాదులు ఉండేవారు. అది అడుగున పడ్డ బొమ్మకు ఇంకో అర్థం వస్తుంది, అది కూడా ఎవరూ ఉద్దేశించనిది. ఫ్రేమును పడుకోబెట్టి పెంచితే సమస్య పోతుందని ప్రయత్నిస్తే, బుడగలన్నీ పై గాజు కింద చేరి పటం పొక్కులు పొక్కులుగా వచ్చింది.

చివరికి నాలుగు ఫ్రేములు, నాలుగు దిక్కులు పైకి. ఒకే బురద, ఒకే దీపాలు, ఒకే కత్తిరింపు. పక్కపక్కన పెట్టేసరికి ఏ చోటూ ఎప్పుడూ నల్లగా లేదని, నలుపు అడుగుది తప్ప ఊరిది కాదని చూపుకే తెలుస్తుంది. ఖర్చు నాలుగింతలు, నిజమే. ఒక్క ఫ్రేముకే డబ్బులుంటే ఈ పటం వేయకపోవడమే మేలు, స్తంభాలు పెట్టుకోవచ్చు.

బోర్డు రాతలో మూడు విషయాలు తెలుగులోనూ తమిళంలోనూ పెట్టారు. నలుపు కాలుష్యం కాదు, ఆరోగ్యంగా ఉన్న ఉప్పుకయ్య బురద కూడా రెండు వేళ్ల లోతున నల్లగానే ఉంటుంది. ఈ పటం కొలత కాదు, రొయ్యల చెరువు నీళ్లు సరస్సును పాడుచేస్తున్నాయా అన్నది అమ్మోనియా, కరిగిన ఆక్సిజన్, బీఓడీ (నీటిలోని కుళ్లు ఎంత ఆక్సిజన్ తింటుందన్న లెక్క) పరీక్షలతో తేలాలి. రోడ్డు వెడల్పు అతిశయం. రొయ్యల రైతులకు నల్లమట్టి అంటే చెరువు అడుగున కుళ్లిన కోడిగుడ్డు వాసన, పంట పోయే సూచన. వాళ్లు మొదటి వాక్యం దగ్గరే ఆగి వాదిస్తారు. వాదించనివ్వాలి. మేత పేరుకున్న చెరువులో నలుపు నిజంగానే ప్రమాదం, అక్కడ వాళ్లే సరి.

వద్దనుకున్నవి

వెలుగుతున్న సముద్రం అందరికీ ఇష్టం. స్క్విడ్ చర్మం మీంచి కాంతినిచ్చే ఫోటోబ్యాక్టీరియంను తీసి పెట్రీ పళ్లెంలో బొమ్మ గీయవచ్చు. కానీ చేప మీంచి వచ్చి వెలిగేదల్లా ఫోటోబ్యాక్టీరియం కాదు. విబ్రియో హార్వేయీ కూడా వెలుగుతుంది, రొయ్యల హేచరీల్లో పిల్లల్ని చంపే కాంతిరోగం దానిదే. హేచరీల వాళ్లు, రైతులు వచ్చే హాలులో గుర్తు తెలియని విబ్రియో పళ్లేలు పెట్టడం బాధ్యత కాదు. 2019 ఆగస్టులో చెన్నై బీచ్‌లో నీలంగా మెరిసింది బ్యాక్టీరియా కాదు, నాక్టిలూకా అనే ఏకకణజీవి. ఆ ఫోటోలు చూసి వచ్చేవాళ్లకు ఈ తేడా చెప్పాల్సి ఉంటుంది.

హైడ్రోజన్ సల్ఫైడ్‌ను ముక్కుతో పరీక్షించకూడదు. తక్కువగా ఉన్నప్పుడు ఘాటుగా తెలుస్తుంది, ప్రమాదకర స్థాయికి చేరాక ముక్కు మొద్దుబారి ఏమీ తెలియదు. నాలుగు చిన్న ఫ్రేముల నుంచి తెరిచిన హాలులో ఆ స్థాయి రాదు కానీ, జల్లెడ పట్టే గదికి కిటికీలు తప్పక ఉండాలి. మిఠాయిల మీద వేసే వెండి రేకు ముక్కను ఫ్రేము పైన అంటిస్తే మంచి సూచిక: గోధుమరంగుకు తిరిగిందంటే వాయువు బయటికి వస్తోందని, పైనున్న నీటి పొర తగ్గిందని అర్థం.

పని అయ్యాక బురదను మురుగు కాలువలో పోయరాదు, తెచ్చిన చోట తిరిగి కలపరాదు. రొయ్యల చెరువు బురదలో తెల్లమచ్చ వ్యాధి వైరస్ కూడా ఉండవచ్చు. బ్లీచింగ్ ద్రవం పోస్తే సరిపోతుందనుకుంటారు, కానీ బురదలోని సల్ఫైడ్, కుళ్లు పదార్థం క్లోరిన్‌ను నిమిషాల్లో తినేస్తాయి, లోపలివి బతికే ఉంటాయి. దాన్ని నీళ్లకు, పనిముట్లకు మాత్రమే వాడాలి, యాసిడ్‌తో ఎప్పుడూ కలపకూడదు. బురదను రెండేసి కిలోల పలచటి సంచులుగా చేసి ఆటోక్లేవులో (ఆవిరి ఒత్తిడితో క్రిములను చంపే పాత్ర) 121 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచాలి. 15 నిమిషాల లెక్క ద్రవాలకు. బురద మధ్యకు వేడి చేరడానికి ఆలస్యమవుతుంది. చల్లారాక గుంటలో పూడ్చాలి. గాజులను ఇసుక, సబ్బుతో రుద్ది ఎండలో పెడితే అవే ఫ్రేములు మళ్లీ పనికొస్తాయి. సిలికాన్ అంచుల్లో మిగిలిన ఊదా మరక పోదు, గీకితే అతుకు దెబ్బతింటుంది, వదిలేయాలి.